తేరని నీళ్ళు

పదకొండో భాగం

పక్కింటి రాజమల్లయ్య టైల్స్ కోసే మిషను ఆపి రెండు రోజులైంది. ఆ దుమ్మే తన నీళ్ళలో పడుతోందని సుచిత్ర గోడ దగ్గర నిలబడి, నలుగురూ వినేలా గొడవపడి ఆపించింది. మిషను ఆగింది, దుమ్మూ ఆగింది. నీళ్ళు మాత్రం ఆ రెండు రోజులూ మునుపటిలాగే పొద్దున తేటగా ఉండి, సాయంత్రానికి బియ్యం కడిగిన కుడితిలా తయారయ్యాయి. కిందటి వారం కథ ఆ గోడ దగ్గరే నిలిచింది. గోడకు ఇవతల ఏం మాట్లాడాలో తెలియని సుచిత్ర, అవతల ఏమీ మాట్లాడనక్కర లేని రాజమల్లయ్య.

ఆ నీళ్ళున్నది ఇంటి వెనక జాగలో. ఇనుప గొట్టాల చట్రానికి నీలం షీటు గుంజి కట్టిన పూల్ అది. తవ్వింది కాదు, నేలమీద నిలబెట్టింది. పదిహేనడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. బోరు మోటార్లకు వైండింగ్ చేసే భూపతి ఎర్రవల్లి దగ్గర ఒక ఫామ్‌హౌస్‌కు పనిమీద పోయి, వాళ్ళు మడతపెట్టి మూలన పడేసిన దాన్ని అడిగి తెచ్చాడు. తెమ్మన్నది భార్య సుచిత్ర. పదమూడేళ్ళ కూతురు మైత్రికి ఈత వచ్చి తీరాలన్నది ఆమె పంతం. భూపతి తల్లి పోచవ్వ మాత్రం దాన్ని ఒక్కనాడూ పూల్ అనలేదు. కోడలితో మాట్లాడేటప్పుడు, అదేదో గొడ్లకు నీళ్ళు పోసే తొట్టి అన్నట్టు "నీ గోలెం" అంటుంది.

పోచవ్వకు నిండుగా ఉన్న నీళ్ళంటే గిట్టదు. ఇరవై ఏళ్ళ కింద ఆమె చిన్నకొడుకు వెంకటేశ్ ధూళిమిట్టలో సొంత పొలం బావిలో పోయాడు. సుచిత్ర ఆ ఇంటికి రాకముందు సంగతి అది. ఆమెకు మరిది అంటే గోడమీది ఫోటో. ఆ బావి గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఆమె అడగలేదు.

ఈత నేర్పడానికి వచ్చే స్వరాజ్యం, బళ్ళో ఆటల టీచరుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. మొదటి రోజే ఒక నియమం పెట్టింది. పెరట్లో మూలన పడి ఉన్న నల్లటి రోటి పొత్రాన్ని, షీటు చిరగకుండా కింద రబ్బరు పట్టా వేయించి, నీళ్ళ అడుగున పెట్టించింది.

"బయట నిలబడి చూస్తే గా పొత్రం అంచు సాఫుగ కనబడాలె. కనబడకుంటే ఎవ్వరు దిగొద్దు. నేనుగూడ దిగ. అడుగు కనబడని నీళ్ళల్ల పిల్ల మునిగినా మనకు తెల్వది" అంది.

నాలుగు పాఠాలు జరిగాయి. మైత్రి బోర్లా తేలడం, అంచు పట్టుకుని కాళ్ళు కొట్టడం నేర్చింది. ఐదోనాటి నుంచి పొత్రం కనబడలేదు. ఇప్పటికి తొమ్మిది రోజులు. స్వరాజ్యం టీచరు రోజూ ఐదింటికి స్కూటీ మీద వస్తుంది, నీళ్ళలోకి తొంగి చూస్తుంది, చాయ్ తాగి వెళ్ళిపోతుంది.

ఈ తొమ్మిది రోజుల్లో సుచిత్ర చేయని పని లేదు. బోరు నీళ్ళలో ఇనుముందని మొదట్లోనే తేలింది. క్లోరిన్ వేసిన గంటకే అవి చాయ్ రంగుకు తిరిగితే, అన్నీ బయటికి వదిలేసి నల్లా నీళ్ళు పట్టింది. పొద్దున లేస్తూనే వలతో వేపాకులు తీస్తుంది. పరీక్ష కాగితం ముంచి, డబ్బా మీది రంగులతో పోల్చుకుంటుంది. క్లోరిన్ గుళికలు బకెట్లో కరిగించి చుట్టూ తిరిగి పోస్తుంది. ఫిల్టరు బయటికి తీసి, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దినంత ఓపికగా మడత మడతా విప్పి కడుగుతుంది. బావిలో వేసినట్టు పటిక కూడా వేసి చూసింది. కాగితం మీది రంగులన్నీ బాగానే ఉన్నాయి. భూపతి పంపు మూడుసార్లు విప్పాడు. మూడోసారి బిగించి, "మోటరు తప్పు లేదు. నీళ్ళదే తప్పు" అని చేతులు కడుక్కున్నాడు. రోజూ పొద్దున అడుగున తెల్లటి మడ్డి పల్చగా పేరుకుని ఉంటుంది. నల్లా నీళ్ళలోని సున్నం అనుకుని దాన్ని గొట్టంతో గుంజేసి, పైన నీళ్ళు అద్దంలా ఉన్నాయని తృప్తిపడి, పదింటికి టైలరింగ్ షాపుకు పోతుంది. తిరిగి వచ్చేది నాలుగున్నరకు. అప్పటికి అద్దం మీద ఎవరో ఊదినట్టు ఉంటుంది.

గురువారం మధ్యాహ్నం షాపు ముందు రోడ్డు తవ్వుతూ కరెంటు తీశారు. సాయంత్రం దాకా రాదన్నారు. సుచిత్ర సగం కుట్టిన జాకెట్లు సంచిలో వేసుకుని రెండుంబావుకల్లా ఇంటికి చేరింది. ఒంటిపూట బడులు మొదలయ్యాక మైత్రి మధ్యాహ్నమే వచ్చి తిని, రెండింటికల్లా సైకిలు మీద లెక్కల ట్యూషన్‌కు పోతోంది. ఇంట్లో చప్పుడు లేదు. గేటు వేసి చెప్పులు విప్పుతుంటే వీధి వైపు నుంచి కేక వినబడింది.

"ముగ్గూ..."

చంద్రవ్వ. ఆ గల్లీ మొత్తానికి ముగ్గుపిండి ఆమెదే. నెత్తిమీద గంప, గంపమీద తడిగుడ్డ.

"వద్దు చంద్రవ్వా, ఉన్నది" అంది సుచిత్ర.

"నిన్నెవరు అడిగిన్రు. మీ అత్తేది?"

"పండుకున్నట్టుంది."

"పండుకునుడేంది? రోజు గీ యాళ్ళకు గేటు పట్టుకొని నిలబడ్తది. ఇయ్యాల నేనే పిలువాల్నా?" చంద్రవ్వ గంప అరుగుమీదికి దించింది. "రెండు శేర్లు తీసి పెట్టిన. గిన్నె తే, పోసి పోత."

సుచిత్ర చెప్పు చేతిలోనే ఉంది. "రెండు శేర్లా?"

"రోజుకు రెండు. పది దినాల సంది. నేను మొదట మీ ఇంట్ల పెండ్లనుకున్న. పిల్ల జూస్తే గింతుంది. గృహప్రవేశమా అంటే కాదంటది. మల్ల ఏందే పోచవ్వా, సిద్దిపేటంత ముగ్గేస్తవా అని అడిగితే, 'నీకెందుకే, నూకలు తీస్కోని పో' అన్నది. నాకెందుకు? నేను అమ్మెటిదాన్ని."

సుచిత్ర వాకిలి వైపు చూసింది. రెండు బారల సిమెంటు జాగ. మధ్యలో పొద్దున పోచవ్వ వేసిన చిన్న చుక్కల ముగ్గు, అరచేయంత. ఆ వాకిలికి శేరు పిండి నెల దాటినా మిగులుతుంది.

"నీ పిండి దేంతోని చేస్తరు చంద్రవ్వా? బియ్యంతోనా?"

"బియ్యం పెట్టి ముగ్గమ్మితే నేను బతికినట్టే. రాయి పిండమ్మా. చీమ ముట్టది, వానకు కరగది. బకెట్ల ఎయ్యి, తెల్లారెటాళ్ళకు ఏసింది ఏసినట్టే కింద ఉంటది. గట్లుంటది నా మాల్."

సుచిత్ర లోపలికి పోయి గిన్నె తెచ్చింది. చంద్రవ్వ కొలిచి పోసి, పైన గుప్పెడు కొసరు వేసి, నూకలు కొంగులో పోయించుకుని వెళ్ళింది. ఆ గుప్పెడు కొసరును సుచిత్ర చాలాసేపు చూసింది. తొమ్మిది రోజులు. పంపు విప్పి, మళ్ళీ విప్పి, మళ్ళీ విప్పి. రాజమల్లయ్య ఇంటి పనిని ఆపించి. ఫోన్లో హైదరాబాదు షాపువాడితో "మీరు మంచి క్లోరిన్ ఇవ్వలేదు" అని వాదించి.

నడిమింట్లో పోచవ్వ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె నిజంగా నిద్రపోతే గురక పెడుతుంది. ఇప్పుడు పెట్టడం లేదు. ఊపిరి కూడా కొలత ప్రకారం తీస్తున్నట్టుంది.

"అత్తమ్మా."

సుచిత్ర గిన్నెను మంచం పక్కన స్టూలు మీద పెట్టింది.

"ఇగో, ఇయ్యాల్టిది. చంద్రవ్వ ఇచ్చి పోయింది."

గోడమీద బల్లి ఒకటి కదిలింది. పోచవ్వ కదల్లేదు. కొంచెం సేపటికి, గోడతోనే మాట్లాడుతున్నట్టు అడిగింది.

"షాపుల కరెంటు పోయిందా?"

"పోయింది."

"రేపు వస్తదా?"

"వస్తది."

"చంద్రవ్వ ఏమన్నది?"

"మనింట్ల పెండ్లా అన్నది."

"దాని నోట్ల మన్నువొయ్య. పదేండ్ల సంది ఈ ఇంటి నూకలు తింటది, గింత మాట కడుపుల దాచుకోదు." పోచవ్వ లేచి కూర్చుంది. ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. కోడలి మొహం వైపు చూడలేదు, గిన్నె వైపు చూసింది. "కొసరు ఏసిందా?"

"ఏసింది."

"నాకు ఒక్కనాడు ఎయ్యలే."

సుచిత్ర నవ్వవలసింది. ఇంకోనాడైతే నవ్వేది. "నడువు అత్తమ్మా, వెనక్కి పోదాం. ఎట్ల పోస్తవో నాకు చూపియ్యి" అంది.

"చూపిచ్చేదేముంది?"

"తొమ్మిది దినాలు నేను చూసిన. కాగితాలు ముంచి చూసిన, ఫిల్టరు విప్పి చూసిన. నువ్వు పోసెటప్పుడు ఒక్కసారి గూడ చూడలే. చూస్త."

పోచవ్వ గిన్నె ఎత్తుకుని ముందు నడిచింది. బెదిరినట్టు లేదు. పొద్దున వాకిలి ఊడవడానికి పోయే మనిషిలా పోయింది. వేపచెట్టు నీడ పూల్ మీద సగం దాకా పడి ఉంది. పంపు సన్నగా మోగుతోంది. నీళ్ళు తేటగా ఉన్నాయి, నీలం షీటు మీది మడతలన్నీ కనబడుతున్నాయి. అడుగున పొత్రం నల్లగా, కోసినట్టుగా ఉంది.

పోచవ్వ గిన్నెను నడుముకు ఆనించుకుని, కుడిచేత్తో పిండి తీసింది. ఒక్కసారిగా కుమ్మరిస్తుందేమో అనుకుంది సుచిత్ర. అలా చేయలేదు. బొటనవేలూ రెండు వేళ్ళ సందు నుంచి, వాకిట్లో గీత లాగినట్టే, అంచు వెంబడి సన్నగా వదులుతూ పోయింది. తెల్లటి గీత నీళ్ళమీద ఒక క్షణం నిలిచి, ముక్కలై, పొగలా కిందికి దిగింది. చుట్టూ ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది. పంపు దగ్గర నీళ్ళు తిప్పే చోట మాత్రం గుప్పిటతో వేసింది. ఎక్కడ వేస్తే అంతటా కలుస్తుందో ఆమెకు తెలుసు. తొమ్మిది రోజుల అనుభవం మరి.

మూడో చుట్టు అయ్యేసరికి పొత్రం పోయింది.

"గింతే" అంది పోచవ్వ, చేతులు దులుపుకుంటూ. "విషం కలుపలే. గుళ్ళ పొంటి, గద్దెల పొంటి ఏసే పిండి. ఒంటికి పడ్డా ఏం గాదు. పొద్దుగాల మల్ల తేటగనే అయితది గదా, నీకేం నష్టం? టీచరే అన్నది, రాయి కనబడకుంటే దిగొద్దని. నేను రాయిని కనబడకుంట జేసిన. నా సొంత తెలివి గూడ గాదు."

"నాకు చెప్తే అయిపోతుండె గదా, పిల్లను దించొద్దని?"

"చెప్పలేనా? గోలెం తెచ్చిన్నాడు చెప్పిన. నీళ్ళు పట్టిన్నాడు చెప్పిన. నువ్వు విన్నవా, వాడు విన్నడా? ముసలిదాని మాట ఎవరు వింటరు. ముసలిదాని ముగ్గు విన్నరు."

"దానికి ఈత రావాలె అత్తమ్మా. రేపు ఏ నీళ్ళ కాడనన్న కాలు జారితే..."

"ఈత రానోడు గట్టున కూసుంటడు" అంది పోచవ్వ. గొంతు పెంచలేదు. ఈ మాటను ఆమె చాలాసార్లు తనలో తాను అనుకుని ఉంటుంది, అరిగిపోయిన నాణెంలా నునుపుగా వచ్చింది. "గట్టున కూసున్నోడు సావడు. ఈత వచ్చినోడే దుంకుతడు. నా కొడుకుకు వచ్చు. ఊర్ల అందరికన్న మంచిగ వచ్చు. ఈత రాకపోయుంటే వాడు ఇయ్యాల నీ పక్కన నిలబడి నన్ను తిడుతుండె."

ఆ మాటలో తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ సుచిత్ర పూల్ లోకి చూసింది. అక్కడ చూడడానికి ఏమీ లేదు. తెల్లటి పొర కింద అడుగు ఎంత దూరంలో ఉందో కూడా తెలియడం లేదు. నాలుగడుగులేనని తెలుసు కాబట్టి నాలుగడుగులు.

అలా చూస్తూనే అడిగింది. అడగాలని ముందు అనుకున్నది కాదు.

"మరిది దిగిన్నాడు నీళ్ళు ఎట్లుండె అత్తమ్మా?"

పోచవ్వ గిన్నె అంచుకు అంటిన పిండిని వేలితో తుడుస్తోంది. తుడవడం ఆపలేదు.

"ఎట్లుంటయి, బాయి నీళ్ళు."

"తేటగుండెనా?"

"యాడ తేట? పచ్చగుండె. ఎండకాలం. నీళ్ళు అడుగుకు పోయి పచ్చగయినయి. మోటరు పైపుకు చెత్త పట్టిందని దిగిండు." ఆమె ఆగింది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మాటలు నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, తనకు సంబంధం లేని ఊరి సంగతి చెబుతున్నట్టు. "అంగి విప్పి నా చేతికిచ్చిండు. జేబుల బీడీలున్నయి, నాకు తెల్వదనుకున్నడు. పట్టుకో అవ్వా, తడుస్తదన్నడు. దుంకిండు. ఒకసారి పైకొచ్చిండు, చెత్త తీసి ఇసిరేసిండు. మల్ల దుంకిండు. నేను గట్టు మీదనే ఉన్న. చూస్తనే ఉన్న. నీళ్ళు గట్లనే ఉన్నయి. కొంచెం సేపయింది. లోపల పైపు పట్టుకొని పని చేస్తుండు అనుకున్న. ఇంక కొంచెం సేపయింది. పిలిచిన. అక్కడనే ఉన్నడు బిడ్డా. ఇద్దరు మనుషుల లోతు గూడ లేదు. పైపుకు కట్టిన తాడు కాలుకు చుట్టుకున్నది, అంతే. పక్క పొలపోళ్ళు ఉరికొచ్చిన్రు. ఏ మూలకున్నడో ఎవ్వరికి కనబడలే. ఈ మూలకు ఒకలు దుంకుతరు, ఆ మూలకు ఒకలు దుంకుతరు. ఆఖరికి పాతాళగరిగె ఏసి వెతికిన్రు, బకెట్ పడితే వెతికినట్టు. రెండు గంటలు. అంగి నా చేతిలనే ఉండె."

పక్కింట్లో ఎవరో నల్లా తిప్పారు. బకెట్లో ధార పడుతున్న చప్పుడు కొంతసేపు వినబడి ఆగింది.

సుచిత్ర అన్నది మెల్లగానే అంది. అన్నాక వెనక్కి తీసుకోవడానికి వీలులేని మాట అని అనేటప్పుడే తెలుసు.

"నీళ్ళు తేటగుంటే కనబడుతుండె గదా అత్తమ్మా."

పోచవ్వ తలెత్తింది. మొదట కోడలి మొహం చూసింది. తర్వాత పూల్ వైపు చూసింది. తను వేసిన తెలుపు ఇంకా కదులుతోంది, పంపు నీళ్ళను తిప్పుతున్న కొద్దీ మూలమూలకూ సమానంగా పాకుతోంది. ఆమె అంచు మీదికి వంగి, చేయి మోచేతి దాకా లోపల పెట్టింది. వేళ్ళు కనబడలేదు. చేయి బయటికి తీసి చూసుకుంది. మళ్ళీ పెట్టింది.

"గా మాట నాకు తోచలే" అంది.

సుచిత్రకు గెలిచినట్టు అనిపించలేదు. తొమ్మిది రోజుల కోపం ఎక్కడికి పోయిందో, దాని జాగలో ఇప్పుడు ఏమీ లేదు. అలసట మాత్రం ఉంది. ముసలామె చేయి నుంచి తెల్లటి నీళ్ళు చీర మీదికి కారుతున్నాయి.

"ఇప్పుడు ఏం జెయ్యాలె?" అంది పోచవ్వ.

"పంపు బంద్ చెయ్యాలె. నీళ్ళు కదలకుంటే పిండి కిందికి దిగుతది. రేపు పొద్దుగాల అడుగు నుంచి గుంజెయ్యాలె. ఎల్లుండికి తేరుతయి."

"ఇయ్యాల తేరయా?"

"తేరయి."

"నేను పోసింది నేనే గుంజుత. గొట్టం ఎట్ల పట్టాల్నో చెప్పు."

"రేపు చెప్త. ఇప్పుడు ఫిల్టరు కడుగుదాం పట్టు. గీ తెల్లదంత దాంట్లకే పోయింది."

సుచిత్ర పంపు ఆపి ఫిల్టరు బయటికి తీసింది. పోచవ్వ పైపు పట్టుకుని నీళ్ళు కొడుతుంటే మడతలు విప్పుతూ కడిగింది. పోచవ్వ ఊరికే ఉండలేదు. ఆ మడత వదిలేశావంది, ఈ మడతలో ఇంకా ఉందంది, తొమ్మిది రోజులు ఇలాగే కడిగావా అంది. రాజమల్లయ్యకు ఏం చెబుతావని కూడా అడిగింది.

"నేనేం జెప్త? నువ్వే జెప్పు."

"జెప్త తియ్యి. వానికి నాకు పాత లెక్కలున్నయి. వాని పెండ్లికి మా ఎడ్లబండి ఇయ్యలే అని నలభై ఏండ్ల సంది మొకం మాడ్చుకుంటడు. ఇదొకటి కలుపుకుంటడు."

ఈసారి సుచిత్ర నవ్వింది. పోచవ్వ నవ్వలేదు గానీ పైపు కొంచెం కిందికి దించింది. "పిల్లకు నేనే చెప్త" అంది. "నాయినమ్మే ఖరాబు చేసిందని చెప్త. తొమ్మిది దినాల సంది టీచరు పోయినంక పిల్ల మొకం చూస్తలేను. నాకు తెల్వదా? ముందుగాల ఏడుస్తుండె. వారం సంది ఏడుస్తలేదు. మరిచిపోయింది అనుకున్న."

సుచిత్ర కూడా అలాగే అనుకుంది. పిల్ల ఊరుకుందని సంతోషించింది కూడా. మైత్రిని ఇవాళ ముందే పిలిపించాలి, ముసలామె మనసు మారకముందే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలి అనుకుంది. తడి చేతులతో ఫోను పట్టుకోలేక, పంపు పెట్టె మీద పెట్టి స్పీకర్లో వేసింది. ట్యూషన్ చెప్పే రాజేంద్రప్రసాద్ సారు రెండో రింగుకే ఎత్తాడు. వెనక పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

"సార్, నేను మైత్రి వాళ్ళ అమ్మను. ఇయ్యాల దాన్ని జర ముందు పంపుతరా?"

"ఎవలను, మైత్రినా?" అన్నాడాయన. "మైత్రి శుక్రవారం సంది వస్తలేదు గదమ్మా. ఈత టైం మారింది, టీచరు రెండింటికే వస్తుంది సార్, పరీక్షలు అయినంక వస్త అన్నది. మీరే చెప్పి పంపిన్రనుకున్న."

"అవును సార్. నేనే మరిచిపోయిన" అంది సుచిత్ర. ఎందుకు అలా అన్నదో ఆమెకే తెలియలేదు. ఫోను పెట్టేసింది.

పైపులోంచి నీళ్ళు నేలమీదికి పోతున్నాయి. పోచవ్వ వాటిని ఆపలేదు.

"పూజ వాళ్ళ ఇంట్ల ఉంటది" అంది సుచిత్ర, అత్తతోనో తనతోనో. "ఇద్దరికి ఒకటే ఊపిరి. సెల్లు చూసుకుంట కూసుంటరు."

పూజ మైత్రి క్లాసులోదే. ఊరి చివర, ఇళ్ళు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట వాళ్ళ ఇల్లు. పూజ తల్లి సింధూజ సుచిత్ర దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది. ఫోను చాలాసేపు మోగింది.

"చెప్పక్కా. నా జాకెట్ అయిందా?"

"రేపు ఇస్త. సింధూజా, మా మైత్రి మీ ఇంట్లనే ఉన్నదా?"

"మా ఇంట్లనా? మా పూజనే మీ ఇంటికొచ్చింది గదక్కా. రెండింటికే సైకిలు మీద పోయిన్రు ఇద్దరు."

"మా ఇంటికెందుకు?"

"గదేందక్కా, ఈతకు. వారం సంది రోజు మీ ఇంటికే గదా. తడిసిన బట్టలతోని వస్తుంది, నేనే పిండి ఆరేస్తున్న. దానికి ఒక్క ముక్క ఈత రాదు. మీ మైత్రే నేర్పిస్తున్నదట. నీకు ఎట్ల మొక్కాల్నో అనుకుంటున్న."

సుచిత్ర మనసులోనే లెక్కపెట్టింది. నాలుగు పాఠాలు. బోర్లా తేలడం, అంచు పట్టుకుని కాళ్ళు కొట్టడం.

పోచవ్వ పైపు కింద పడేసి పంపు పెట్టె దగ్గరికి వచ్చింది. ఫోను మీదికి వంగింది, దాని లోపల మనిషి కనబడతాడేమో అన్నట్టు.

"సింధూజా, నేను పోచవ్వను బిడ్డా. పిల్ల ఇంటికొచ్చినంక తలకాయ నువ్వే తుడుస్తవా?"

"నేనే తుడుస్త అవ్వా."

"ఎంటికెలల్ల ఏముంటున్నది?"

సింధూజ కొంచెం మొహమాటపడింది. "చెప్పొద్దనుకున్న అవ్వా. పాకురుంటున్నది, పచ్చగ. గోళ్ళల్ల గూడ. మీ నీళ్ళు మంచిగ ఉంటలేవేమో అనుకున్న. అక్క గంత కష్టపడి చేస్తుంది, అడిగితే బాధపడ్తదని అడగలే."

పూల్ లో పిండి నెమ్మదిగా కిందికి దిగుతోంది. సుచిత్ర ఫోనులో టైము చూసింది. మూడూ పది. పిల్లలు పోయి గంటా పది నిమిషాలు.

"మీ దిక్కు నీళ్ళున్న బాయి ఏది బిడ్డా?" అంది పోచవ్వ.

పోచవ్వ ఏం అడుగుతోందో సింధూజకు అప్పుడు అర్థమైనట్టుంది. ఫోనులో ఆమె ఊపిరి వినబడుతోంది.

"ఒకటి గాదవ్వా" అంది చివరికి. "మూడున్నయి."